ట్యూబు ఎన్నాళ్లకి అయిపోతోంది? ఇంటిల్లిపాదికీ సన్‌స్క్రీన్ లెక్క

ఏ సన్‌స్క్రీన్ మంచిదో చెప్పమని అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్లని ముందు నేనొకటి అడుగుతాను: ఇప్పుడు వాడుతున్న 50 గ్రాముల ట్యూబు ఎన్నాళ్లు వస్తోంది? "ఉగాదికి కొన్నాం, వినాయకచవితి వచ్చేస్తోంది, ఇంకా సగం ఉంది" అంటే ఇక బ్రాండు మార్చి లాభం లేదు. ఆ వాడకానికి మూడొందల ట్యూబూ ఒకటే, వెయ్యి రూపాయల ట్యూబూ ఒకటే.

ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెని ల్యాబులో తేల్చేటప్పుడు చర్మం మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి చూస్తారు. పెద్దవాళ్ల ముఖం, చెవులు, మెడ ముందుభాగం కలిపితే సుమారు 600 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కసారికి 1.2 గ్రాములు పడాలి. చూపుడువేలు, మధ్యవేలు పక్కపక్కన పెట్టి, మొదలు నుంచి కొస దాకా ఒక్కో వేలి మీద ఒక్కో గీత పిండితే ఇంచుమించు అంత వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకి "ఇంతా!" అనిపిస్తుంది. ఫేస్‌క్రీము బఠాణీ గింజంత తీసి ముఖమంతా సాగదీసే అలవాటు మనది. సన్‌స్క్రీన్ అలా రాస్తే డబ్బా మీద 50 అని ఉన్నా ముఖం మీద మిగిలేది ఏ పదో, పదిహేనో. సగం రాస్తే రక్షణ కూడా సగానికో, ఒక్కోసారి అంతకంటే కిందికో పడిపోతుంది.

ఇప్పుడు నెల లెక్క చూద్దాం. పెద్దవాళ్లిద్దరికి 1.2 చొప్పున, బడి పిల్లలిద్దరికి 0.9 చొప్పున వేసుకుంటే, ఒక్క ముఖాలకే రోజుకి 4.2 గ్రాములు. నెలకి 126 గ్రాములు, అంటే 50 గ్రాముల ట్యూబులు రెండున్నర. అదీ పొద్దున ఒక్కసారి రాస్తేనే. దీనికి చేతులు కూడా కలిపితే లెక్క తలకిందులవుతుంది: మోచేతి నుంచి వేళ్ల దాకా ఒక్కో చేతికి గ్రామున్నర కావాలి, రెండు చేతులకి మూడు. ముఖానికి పట్టినదానికి రెండున్నర రెట్లు. అందుకే నా సలహా మొదటి నుంచీ ఒకటే. బట్టతో కప్పగలిగిన చోట బట్ట కప్పండి, బట్ట కప్పలేని చోట క్రీము ధారాళంగా రాయండి. ముఖం, చెవులు, మెడ, ముంజేతుల వెనకవైపు, చెప్పులేసుకుంటే పాదాల పైభాగం, ఇంతే క్రీము వాటా. జుట్టు పలచబడిన మగవాళ్లకైతే నడినెత్తి కూడా.

ధర విషయానికొస్తే, కొనేటప్పుడు ట్యూబు ధరని గ్రాములతో భాగించి చూడండి. రెండు వేళ్ల కొలత చూసి చెయ్యి వెనక్కి లాగేంత ఖరీదైన క్రీము ఎంత గొప్పదైనా మీ ఇంటికి పనికిరాదు. ధైర్యంగా పిండుకోగలిగిన ధరలో ఉన్నదే మీకు మంచి సన్‌స్క్రీన్.

ఎండ వేడి వేరు, యూవీ వేరు

వేడిని బట్టి సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో రాసి, తొలకరి పడగానే ట్యూబు అటకెక్కిస్తారు. చర్మాన్ని నల్లబరిచేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అవి సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటాయి. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వచ్చే రోజులు ఏడాదికి రెండు: ఒకటి మే 9 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. రెండోది నడి వర్షాకాలం. మబ్బు తేలిపోయి ఎండ కాసిన ఆ గంటలో యూవీ మే నెల ఎండకి ఏమీ తీసిపోదు. పలచటి మబ్బు పట్టినా చాలా వరకు కిందికి దిగుతుంది. కొండల మీద సంగతీ అంతే. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి యూవీ దాదాపు పది శాతం పెరుగుతుంది. అరకు చల్లగా ఉందని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాఫీ తోటల్లో తిరిగొచ్చినవాళ్ల ముక్కు, చెంపలు మర్నాటికి కమిలేది అందుకే.

ఫోనులో వాతావరణం చూసే యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 3 దాటితే రక్షణ మొదలుపెట్టాలి, 8 దాటితే చాలా ఎక్కువ, 11 పైన విపరీతం. మన దగ్గర వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే. డిసెంబరు మధ్యాహ్నాల్లో కూడా 3 కిందికి దిగదు. యాప్ చూసే ఓపిక లేకపోతే మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టు, పొడుగ్గా ఉంటే తగ్గినట్టు. ఇంకో చిన్న సంగతి: గడియారం ఒకటే అయినా సూర్యుడు విశాఖలో హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. విశాఖ బీచిలో పొద్దున తొమ్మిదిన్నరంటే లేత ఎండేం కాదు. పైగా ఇసుక, నురగ కట్టిన అల కింది నుంచి వెలుతురుని మళ్లీ ముఖం మీదికి కొడతాయి, టోపీ ఉన్నా సరే.

మన దాకా దిగే యూవీ కిరణాలు రెండు రకాలు. యూవీబీ కందిపోయేలా, కమిలిపోయేలా చేస్తుంది. గాజు దాన్ని ఆపేస్తుంది. యూవీఏ లోతుకి దిగి నల్లబరుస్తుంది, మచ్చలు తెస్తుంది, ముడతలు తెస్తుంది. మామూలు గాజు దాన్ని పూర్తిగా ఆపలేదు. కారు ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న గాజు కాబట్టి యూవీఏని దాదాపు మొత్తం ఆపుతుంది. పక్క అద్దాలు చాలా కార్లలో ఒంటి పొరవే. అందుకే రోజూ కారు నడిపేవాళ్లకి ఇక్కడ కుడి చెంప, కుడి ముంజేయి ఎక్కువ నల్లబడతాయి, అమెరికాలో నడిపేవాళ్లకి ఎడమవైపు.

డబ్బా మీద ఏం చూడాలి

ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ గురించి చెబుతుంది. సరైన కొలతలో రాస్తే 30 అయితే సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ పైన 100 అన్నా పెరిగేది ఒక్క శాతమే. 30 కంటే 50 ఎందుకంటే, మనం ఎలాగూ కాస్త తక్కువే రాస్తాం కాబట్టి ఆ లోటుకి చేతిలో కొంత మిగులు ఉంటుంది. 100 అన్న అంకె చూసి పొద్దున రాసుకుంటే సాయంత్రం దాకా ఢోకా లేదనుకోవడం మాత్రం తప్పు.

యూవీఏ సంగతి చెప్పేది పీఏ గుర్తు. ఇది జపాన్ పద్ధతి, ప్లస్‌లు ఎన్ని ఎక్కువుంటే అంత రక్షణ. మన చామనచాయ, నలుపు చర్మాలకి ఎండ వల్ల వచ్చే పెద్ద గొడవ కమిలిపోవడం కంటే నల్లబడటం, మచ్చలు. అందుకని పీఏ+++ కి తగ్గకుండా కొనండి, పీఏ++++ దొరికితే అదే. యూరప్ సరుకు మీద పీఏ బదులు గుండ్రటి గీతలో యూవీఏ అక్షరాలుంటాయి, అంటే దాని యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉన్నట్టు. అమెరికా డబ్బాల మీద పీఏ ఉండదు, బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ రెండిటినీ ఆపుతుందని) అన్న మాటే ఉంటుంది.

అక్కడి నుంచి వచ్చే చుట్టాల చేత సూట్‌కేసులో సన్‌స్క్రీన్ తెప్పించుకునేవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. అమెరికాలో సన్‌స్క్రీన్‌ని మందు కింద లెక్కేస్తారు. దాంతో 1990ల తర్వాత చాలా ఏళ్ల పాటు అక్కడ కొత్త ఫిల్టర్లకి, అంటే యూవీని ఆపే పదార్థాలకి, దారి దొరకలేదు. యూరప్‌లో, మన దేశంలో వాడే బెమోట్రిజినాల్ లాంటివి ఆ కాలపు అమెరికా సరుకులో కనబడవు. మనవి కాస్మెటిక్ కిందకొస్తాయి. ట్యూబు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవేవీ లేకుండా సగం ధరకి ఇస్తున్న ట్యూబు ముట్టుకోకండి.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవాటిని మినరల్ అంటారు, మిగతావాటిని కెమికల్ అంటారు. మినరల్ పొడి ఎండని తిప్పికొడుతుందనీ, కెమికల్ పీల్చుకుంటుందనీ ప్రతిచోటా రాస్తారు. నిజానికి మినరల్ కూడా యూవీని చాలా వరకు పీల్చుకునే ఆపుతుంది, తిప్పికొట్టేది కొంచెమే. తేడా వేరే చోట ఉంది. మినరల్ చర్మాన్ని, కళ్లని తక్కువ మండిస్తుంది, కానీ చామనచాయ మీద తెల్లగా, బూడిద రాసినట్టు కనబడుతుంది. కెమికల్ కనబడదు, తేలిగ్గా ఉంటుంది, కొందరికి మంట పుట్టిస్తుంది.

ఇంట్లో ఎవరికేది అంటే, జిడ్డు ముఖం, మొటిమలు ఉన్న కాలేజీ పిల్లలకి జెల్ లేదా నీళ్లలాంటి పలచటి లోషన్. పొడిబారే చర్మం ఉన్న పెద్దవాళ్లకి క్రీము, అప్పుడు విడిగా మాయిశ్చరైజర్ కూడా అక్కర్లేదు. కళ్ల చుట్టూ, చెవుల మీద జింక్ ఉన్న స్టిక్ బాగుంటుంది, నాలుగైదు సార్లు రుద్దాలి. స్ప్రే నాకు నచ్చదు. సగం గాలికి పోతుంది, ముక్కులోకి వెళుతుంది, చాలావాటిలో మంటంటుకునే గ్యాసు ఉంటుంది. కొన్నారు కాబట్టి వాడాలంటే అరచేతిలో కొట్టుకుని రాసుకోండి, వంటింట్లో మాత్రం వద్దు. పౌడర్ సన్‌స్క్రీన్ మీద ఆధారపడొద్దు, చెప్పిన కొలత పడాలంటే ముఖానికి సున్నం కొట్టుకోవాలి. ఎస్‌పీఎఫ్ 15 ఫౌండేషన్‌దీ అదే బాధ.

రాయడం

ముఖం కడిగి తుడుచుకుని, మాయిశ్చరైజర్ వాడితే అది ఇంకేదాకా అయిదు నిమిషాలు ఆగండి. తర్వాత రెండు గీతలూ ఒకేసారి ముఖం మీద వేసి రుద్దకుండా, ఒక గీత ముఖమంతా చుక్కలు పెట్టి పరవండి, అది సర్దుకున్నాక రెండో గీత. ఇలా రెండు విడతలు రాస్తే తెల్లదనమూ తగ్గుతుంది, ఖాళీలూ మిగలవు. జనం మర్చిపోయే చోట్లు దాదాపు అందరికీ అవే: చెవుల అంచులు, కనురెప్పల పైన, ముక్కు పక్క మడతలు, జుట్టు మొదలయ్యే చోటు, మెడ వెనక, జాకెట్టు వెనకాల తెరిచి ఉన్న వీపు. మంగళసూత్రం పక్కకి జరిపి రాసుకోకపోతే మెడలో దాని గీత తెల్లగా అచ్చు దిగుతుంది. బయటికెళ్లే ముందు పదిహేను ఇరవై నిమిషాల టైమివ్వండి. ఆ పొర ఆరి నిలబడాలి, అప్పుడే హెల్మెట్ పట్టీకి, చున్నీకి అంటుకుపోదు.

మాయిశ్చరైజర్‌లో, ఫౌండేషన్‌లో సన్‌స్క్రీన్ కలిపి ఒకేసారి రాసేస్తే టైము కలిసొస్తుందనుకుంటారు. కలిపితే పొర పలచబడి చెదిరిపోతుంది, అంకె ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. జింక్ పొడి కొని కొబ్బరినూనెలో కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చని వచ్చే వీడియోలు ఇంకా ఘోరం. పొడి ముద్దలు కట్టి, ఒకచోట మందంగా, ఒకచోట ఏమీ లేకుండా పడుతుంది.

మళ్లీ రాయడం అన్నది ఎక్కడున్నామన్న దాన్ని బట్టి. బయట ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. చమట పట్టి తుడుచుకుంటే, ఈత కొడితే వెంటనే. వాటర్ రెసిస్టెంట్ అని ఉన్న డబ్బా మీద 40 నిమిషాలనో 80 నిమిషాలనో రాసి ఉంటే నీళ్లలో అంతసేపే లెక్క. కిటికీకి దూరంగా ఆఫీసులో కూర్చునేవాళ్లు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బయటికెళితే వెళ్లే ముందు ఇంకోసారి రాస్తే చాలు, రెండు గంటల అలారం పెట్టుకోనక్కర్లేదు. మేకప్ ఉన్నవాళ్లు టిష్యూతో జిడ్డు అద్ది, సన్‌స్క్రీన్‌ని స్పాంజితో అద్దుకోవాలి, రుద్దకూడదు.

పిల్లలు

ఆరు నెలల లోపు పసివాళ్లకి సన్‌స్క్రీన్ రాయకండి. వాళ్లకి నీడ, టోపీ, పలచటి పొడుగు చేతుల చొక్కా. ఆర్నెల్లు దాటాక జింక్ ఉన్న మినరల్ రకం, వాసన లేనిది చూసి తీసుకోండి. డబ్బా వెనక పదార్థాల చిట్టీలో ఆక్సీబెంజోన్ (కొన్నిటి మీద బెంజోఫినోన్-3 అని రాస్తారు) ఉన్నది పిల్లలకొద్దు. అది చర్మంలోంచి రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి మడతలో రెండు మూడు రోజులు రాసి చూడండి.

అయిదారేళ్ల పిల్లల ముఖానికి, మెడకి పెద్దవాళ్ల వేలి కొలతలో ఇంచుమించు ఒకటిన్నర గీత పడుతుంది. బడి బస్సు వచ్చే తొందరలో కాకుండా, పాలు తాగడానికి కూర్చున్నప్పుడే రాసేయండి. మామూలు రోజుల్లో ఆ ఒక్కసారి చాలు. ఆగస్టు 15 కవాతుకీ, స్పోర్ట్స్ డేకీ గంటల తరబడి గ్రౌండులో నిలబెట్టే రోజుల్లో మాత్రం స్టిక్ ఒకటి బ్యాగులో వేసి, విరామంలో రాసుకోవడం నేర్పాలి. జారే లోషన్ ట్యూబు కంటే స్టిక్ అయితే వాళ్లంతట వాళ్లే రాసుకోగలరు. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ల పిల్లలకి ఈ గొడవ బడే నేర్పేస్తుంది. అక్కడ చాలా ప్రైమరీ బడుల్లో టోపీ లేకపోతే ఆటకి పంపరు. మన బడుల్లో టోపీ పెట్టుకొస్తే తీయమంటారు!

బుగ్గల మీద పాలిపోయిన తెల్ల మచ్చలు కనబడగానే మన ఇళ్లలో నులిపురుగులనో, క్యాల్షియం తక్కువనో తీర్మానించేస్తారు. ఎక్కువమందిలో అది పొడిబారిన చర్మం తాలూకు చిన్న మంట మాత్రమే. ఎండకి చుట్టూ ఉన్న చర్మం నల్లబడేసరికి ఆ మచ్చ ఎత్తి చూపినట్టు కనబడుతుంది. రోజుకి రెండుసార్లు మామూలు మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ వాడితే కొన్ని నెలల్లో కలిసిపోతుంది. సున్నంలా తెల్లగా, అంచులు స్పష్టంగా ఉన్న మచ్చ అయితే చర్మం డాక్టరుకి చూపించాలి.

మంగు మచ్చలున్నవాళ్లకి

కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేటప్పుడు చెంపల మీద, పై పెదవి మీద గోధుమరంగు మంగు వచ్చినవాళ్లకి మామూలు సన్‌స్క్రీన్ సగం పనే చేస్తుంది. మంగుని రేపేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనబడే వెలుతురు కూడా, అందులోనూ నీలం వైపుది. మన రంగు చర్మాల్లో దీని పాత్ర ఇంకా ఎక్కువ. పారదర్శకంగా ఉండే ఏ సన్‌స్క్రీనూ ఈ వెలుతురుని ఆపలేదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్ రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్. డబ్బా మీద టింటెడ్ అని ఉంటే సరిపోదు, వెనక చిట్టీలో సీఐ 77491, సీఐ 77492, సీఐ 77499 అన్న నంబర్లు వెతకండి. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు అవే. సీఐ 77891 ఒక్కటే ఉంటే అది టైటానియం డయాక్సైడ్, తెల్ల రంగు, ఈ పనికి చాలదు. కడుపుతో ఉన్నవాళ్లు కూడా మినరల్, టింటెడ్ రకం నిశ్చింతగా వాడొచ్చు. పొయ్యి వేడి కూడా మంగుని పెంచుతుంది కాబట్టి వంట ముందు రాసుకుని, చమట తుడుచుకున్నాక ఇంకోసారి రాసుకోవడం దండగ కాదు.

మంగు పోతుందని మెడికల్ షాపువాళ్లు చీటీ లేకుండా చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిసి ఉంటాయి. నెల తిరిగేసరికి ముఖం తేటపడుతుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండ సోకితే మండుతుంది, మానేస్తే మంగు రెట్టింపై తిరిగొస్తుంది. ఎండ పడనీయని మందులు ఇంకా ఉన్నాయి: మొటిమలకి ఇచ్చే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్, బీపీ మాత్రల్లో కలిపే హైడ్రోక్లోరోథయజైడ్. ఇంట్లో పెద్దవాళ్లకి ఉన్నట్టుండి మెడ మీద, ముంజేతుల మీద దద్దు, దురద వస్తే బీపీ చీటీ తీసుకుని డాక్టరుకి చూపించండి, మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్లకండి. అందులోని పదార్థాలు యూవీతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి, ఒకట్రెండు రోజులకి బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్లటి చారలు. ఎండాకాలమంతా షర్బత్ రోజులే కదా, పచ్చి నిమ్మకాయలు కోసిన చేతులు కూడా కడుక్కునే బయటికి వెళ్లాలి. పసుపు, సున్నిపిండి, కలబంద వేటికవి మంచివే, ఎండని ఆపే శక్తి మాత్రం వాటికి లేదు. కొబ్బరినూనెకి కూడా చెప్పుకోదగ్గది లేదు.

బట్ట

ఎండలో పనిచేసేవాళ్ల తెలివి చూడాలంటే మిరపకోతల్లో చూడాలి. చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకి చుట్టిన తువ్వాలు. ఏ క్రీమూ అంత పని చేయదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనూ అక్కర్లేదు. బట్ట ఎంచుకునేటప్పుడు నేత చూడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి బల్బు ఆకారం తెలిసిపోతోందంటే యూవీ కూడా తెలిసిపోతున్నట్టే. పలచటి తెల్ల కాటన్ చొక్కా ఇచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ లెక్కలో పది లోపే, చమటకి తడిస్తే ఇంకా తగ్గుతుంది. అదే కాటన్ కాస్త చిక్కటి నేతలో, ముదురు రంగులో ఎన్నో రెట్లు మేలు. జీన్స్ బట్టలోంచి దాదాపు ఏమీ దిగదు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు ముఖానికి చుట్టుకునే జార్జెట్ చున్నీ ఒక్క పొర అయితే దుమ్ముకే పనికొస్తుంది, ముదురు రంగు కాటన్ చున్నీని రెండు మడతలు పెట్టి కట్టుకోవాలి. చెవులు, మెడ కప్పని క్యాప్ కంటే చుట్టూ మూడు అంగుళాల అంచున్న టోపీ నయం.

విటమిన్ డి పోతుందేమోనన్న భయం ఉంది. రోజువారీ వాడకంలో సన్‌స్క్రీన్ వల్ల విటమిన్ డి పెద్దగా పడిపోయినట్టు చాలా పరిశోధనల్లో తేలలేదు. మన నగరాల్లో అది తక్కువగా ఉండటానికి అసలు కారణం పగలంతా నాలుగు గోడల మధ్య ఉండటమే. అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రలు వేసుకోండి.

తేడా కొట్టేది ఎక్కడ

రాసిన కాసేపటికి ముఖం మీద తెల్లటి నలకలు ఉండలుగా లేస్తుంటే క్రీము పాడైందని కాదు. కింది మాయిశ్చరైజర్ ఇంకకుండానే రాశారు, లేదా రెండిట్లోనూ సిలికోన్ ఎక్కువుంది. ఆగి రాయండి, అద్దండి, అప్పటికీ లేస్తే మాయిశ్చరైజర్ మానేయండి. చమటతో కళ్లు మండుతుంటే నుదుటి మీది కెమికల్ రకం కిందికి కారుతోందని అర్థం. నుదురు, కళ్ల చుట్టూ జింక్ స్టిక్‌కి మారండి. మొటిమలు పెరిగితే సాయంత్రం కడగడం సరిపోవట్లేదేమో చూడండి. వాటర్ రెసిస్టెంట్ రకం ఒక్క ఫేస్‌వాష్‌తో పోదు, ముందు మేకప్ తుడిచే మిసెల్లార్ వాటర్‌తో తుడిచి తర్వాత కడగాలి.

ట్యూబుని కారులో, స్కూటీ డిక్కీలో ఉంచకండి. మే నెల ఎండకి లోపలి వేడికి నూనె, నీరు విడిపోతాయి. పిండగానే ముందు నీళ్లు కారి తర్వాత ముద్ద వచ్చిందంటే ఎంత కదిపినా అది పనికిరాదు, పారేయండి. గడువు తేదీతో పాటు మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 12ఎం అనో 6ఎం అనో ఉంటుంది. మూత తీసిన తర్వాత అన్ని నెలలే.

చివరిగా బట్టల సంగతి. తెల్ల యూనిఫారం కాలరు మీద ఉతికాక నారింజ రంగు మరకలు తేలుతున్నాయంటే కారణం ఎవోబెంజోన్. చిట్టీలో బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అన్న పొడుగు పేరుతో ఉండేది అదే. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతో కలిస్తే అది తుప్పు మరకలా మారుతుంది. మరక చూసి బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది. తడి బట్ట మీద నిమ్మఉప్పు నీళ్లలో కరిగించి పోసి, అరగంట ఆగి, మంచినీళ్లతో జాడించి, ఆ తర్వాత సబ్బు పెట్టండి. మరక పోయిందని తేలేదాకా ఇస్త్రీ చేయకండి. కాలరు దగ్గర రోజూ మరక పడుతుంటే మెడకి మాత్రం జింక్ రకం వాడండి, దాన్లో ఎవోబెంజోన్ లేదో చూసుకుని.